పుతలీల హారంలోని పాత బంగారు నాణెం మీద మలిముద్రను పరీక్షించే విధానం

నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న దేగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల తెలుగు కుటుంబాల్లో, మరాఠీ ఇరుగుపొరుగుల ఆనవాయితీని అనుసరించి, పుతలీల హారం, అంటే నాణేల వంటి బంగారు కాసులు గుచ్చిన హారం, తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి దిగివస్తూ ఉంటుంది. ఈ హారాల్లోని కాసుల్లో అత్యధిక భాగం స్థానిక స్వర్ణకారులు పలుచని రేకు మీద అచ్చు ఒత్తి చేసినవే. అయినా బాగా పాత హారాల్లో ఒకటో రెండో నిజమైన వెనిస్ నాణేలో డచ్చి నాణేలో కలిసి ఉండటం కద్దు. అటువంటి నాణెం మీద దాని అసలు బొమ్మతో ఏ సంబంధమూ లేని చిన్న గుర్తు, అంటే ఒక కిరీటమో, అంకెలో, సింహమో, లేక నెలవంక ఆకారపు గాటో కనిపించినప్పుడు, అది ఎవరు వేసినదో, దానివల్ల నాణెం విలువ పెరుగుతుందో తరుగుతుందో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు. సేకరణదారులు కౌంటర్‌మార్క్ అనే ఆ గుర్తును ఈ వ్యాసంలో మలిముద్ర అని వ్యవహరిస్తాను.

పరీక్షకు ముందు, ఐరోపాలో ఈ ముద్రలు ఎందుకు పడ్డాయో కొంత తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే ముద్ర వేసినవారి ఉద్దేశాన్ని బట్టే అది నాణెం మీద ఎక్కడ పడిందీ, ఎంత లోతుగా పడిందీ నిర్ణయమవుతాయి. 1640లో స్పెయిన్ ఏలుబడి నుంచి విడిపోయిన పోర్చుగల్, 1668లో సంధి కుదిరేదాకా సాగిన యుద్ధపు ఖర్చును భరించలేక, నాణేల చెలామణీ విలువను పలుమార్లు పెంచింది. అన్నిటినీ కరిగించి కొత్తవి కొట్టే బదులు, జనం చేతుల్లో ఉన్న పాత నాణేలనే రప్పించి, కిరీటంతో కూడిన కొత్త విలువ అంకెలను వాటి మీద కొట్టించి మళ్లీ చెలామణీలోకి వదిలింది. ఆ నాణేల్లో గురిగింజ ఎత్తు బంగారం కూడా పెరగలేదు; పెరిగింది అంకె ఒక్కటే. అదే దేశం 1680ల్లో, అంచులు కత్తిరించి బంగారం కాజేసే మోసాన్ని అరికట్టడానికి, పాత నాణేల అంచుకు ఆనించి కిరీటం గల గోళపు ముద్రను వేయించింది. ఆ తరువాత ఎవరు అంచు కత్తిరించినా ముద్ర కూడా తెగిపోయి దొంగతనం బయటపడుతుంది. మొదటి రకం ముద్ర ఖజానా కోసం వేసినది, రెండోది నాణెం కాపుదల కోసం వేసినది.

పరాయి నాణేన్ని తమ చెలామణీలోకి చేర్చుకోవడం మరొక కారణం. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1690లో బటావియాలో (నేటి జకార్తా) జపాను దేశపు కోబన్ అనే కోలగా ఉండే బంగారు నాణేల మీద సింహపు ముద్ర వేయించింది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో కరీబియన్ దీవుల్లో పోర్చుగీసు బంగారు నాణేలను తూచి, తూకం తగ్గినవాటికి మధ్యలో రంధ్రం చేసి బంగారు బిళ్ల బిగించి, దాని మీద హామీ ముద్ర వేసేవారు. న్యూయార్కు నగరంలో ఎఫ్రాయిమ్ బ్రాషర్ అనే స్వర్ణకారుడు 1780ల్లో ఇదే పని చేసి, తన పేరులోని ఇ, బి అనే రెండు అక్షరాలను నాణెం మీద కొట్టేవాడు. ప్రభుత్వ ముద్రకు ఉన్నంత మన్నన అతని ముద్రకూ ఉండేదంటే, జనం నమ్మినది ముద్రలోని బొమ్మను కాదు, తూకానికి పూచీ పడిన మనిషిని అన్నమాట. మన షరాబులు, అంటే బజారులో నాణేలను పరీక్షించి మార్చే వర్తకులు, చేసినదీ ఇదే పని, కాకపోతే వారు పేరు వేయకుండా చుక్కలతోనూ గాట్లతోనూ సరిపెట్టేవారు.

ఇక పరీక్ష విషయానికి వద్దాం. నాణెం చేతికి వచ్చిన వెంటనే దానికి మెరుగు పెట్టించరాదు, చింతపండుతోనో పళ్లపొడితోనో తోమరాదు, అతికించి ఉన్న కొక్కేన్ని ఊడదీయరాదు. సరాఫా బజారులో చూపించడానికి తీసుకువెళితే, అడగకుండానే ఆమ్లంలో ముంచి తళతళలాడించి ఇచ్చే అలవాటు కొందరికి ఉంది. ఆ పని వద్దని ముందే చెప్పాలి. మలిముద్ర లోపలి మూలల్లో పేరుకొన్న నలుపు, దుమ్ము, పాత మైనం ఇవే ఆ ముద్ర వయసుకు మొదటి సాక్షులు. వాటిని పోగొట్టుకొంటే తిరిగి సంపాదించే మార్గం లేదు. కావలసిన సామగ్రి కొంచెమే: పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, మిల్లీగ్రాముల దాకా తూచే చిన్న త్రాసు, సన్నని నైలాను దారం, ఒక గాజు గ్లాసు, మిల్లీమీటర్లు కొలిచే కొలబద్ద.

మొదటి పని, మలిముద్రను పూర్తిగా పక్కనబెట్టి, అసలు నాణెం ఏదో గుర్తించడం. మన వైపు ఎక్కువగా ఎదురయ్యేది వెనిస్ డకాట్, దీనినే తరువాతి కాలంలో జెక్కినో అన్నారు. 1284లో మొదలైన ఈ నాణేన్ని, 1797లో ఆ గణరాజ్యం పతనమయ్యేదాకా, దాదాపు ఒకే తూకంతో, ఒకే వన్నెతో, ఒకే బొమ్మతో కొట్టారు. ఒక వైపు ఎడమన నిలబడిన సెయింట్ మార్క్, కుడివైపు మోకరిల్లిన పాలకుడికి జెండా కర్ర అందిస్తుంటాడు. రెండో వైపు కోలగా ఉన్న చట్రంలో, నక్షత్రాల నడుమ క్రీస్తు నిలబడి ఉంటాడు. అడ్డకొలత సుమారు 20 మిల్లీమీటర్లు, తూకం సుమారు మూడున్నర గ్రాములు, వన్నె నూటికి 99కి పైమాటే. మోకరిల్లిన బొమ్మ పక్కన నిలువుగా ఆ పాలకుడి పేరు సంక్షిప్తంగా ఉంటుంది, కాల నిర్ణయానికి అదే ఆధారం. పేరులో మానిన్ అనే అక్షరాలు కనిపిస్తే అది 1789 నుంచి 1797 మధ్యది. రెనియర్ అయితే 1779 నుంచి 1789 మధ్యది. మొచెనిగో పేరుతో అనేకమంది పాలకులు ఉన్నారు కనుక ఆ పేరు ఒక్కదానితో తొందరపడి నిర్ణయానికి రాకూడదు. మలిముద్ర అసలు నాణెం కంటే పాతది కాజాలదు. ఇది చెప్పనక్కరలేని సంగతిలా తోచవచ్చు గాని, మానిన్ కాలపు నాణెం మీది గుర్తును పదిహేడో శతాబ్దపు రాజముద్ర అని చెప్పి అమ్మజూపేవారిని ఈ ఒక్క మాటతో నిలువరించవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వెనిస్ డకాట్‌కు హిందూదేశంలో ఎంత గిరాకీ ఉండేదంటే, దాని బొమ్మను ఇక్కడే అనుకరించి లెక్కలేనన్ని కాసులు చేశారు. అనుకరణల్లో లాటిన్ అక్షరాలు క్రమంగా అర్థం లేని నిలువు గీతలుగా మారిపోతాయి, జెండా కర్ర రెండు మనుషుల మధ్య దీపస్తంభంలా నిలుస్తుంది, ముఖాలు గుండ్రని చుక్కలుగా మిగులుతాయి. భూతద్దంతో అక్షరాల పాదాలను చూడాలి: అసలు నాణెంలో ఒక్కొక్క అక్షరానికి పాదం వెడల్పుగా, స్పష్టంగా ఉంటుంది, అనుకరణలో అన్ని గీతలూ ఒకే మందంతో ఉంటాయి. అనుకరణ అయినంత మాత్రాన అది పనికిరానిదని కాదు, దాని చరిత్ర దానికి ఉంది. కాని దాని మీది గుర్తు ఐరోపా ప్రభుత్వ ముద్ర కావడానికి మాత్రం దాదాపు అవకాశం లేదు.

డచ్చి డకాట్‌ను పోల్చుకోవడం సులువు. కవచం తొడిగిన యోధుడు ఒక చేత కత్తి, మరొక చేత బాణాల కట్ట పట్టుకొని నిలబడి ఉంటాడు, అతని కాళ్లకు అటూ ఇటూ సంవత్సరపు అంకెలు ఉంటాయి, వెనుక వైపు చతురస్రపు పలకలో లాటిన్ వాక్యం వరుసలుగా ఉంటుంది. తూకం 3.49 గ్రాములు, వన్నె నూటికి 98కి కొంచెం పైన. స్పెయిన్ ఎస్కుడో 3.38 గ్రాములు, ఎనిమిది ఎస్కుడోల నాణెం 27 గ్రాములు, రెండూ మొదట్లో 22 కారెట్ల వన్నెవి. పోర్చుగీసు పాత బంగారు నాణేల మీద సిలువ ప్రధానంగా కనిపిస్తుంది. ఆ దేశపు 6400 రేయిస్ నాణెం మీద మాత్రం పాలకుల తల బొమ్మ ఉంటుంది, అది 14.34 గ్రాములు తూగుతుంది. ఇంగ్లండు గినీ 8.4 గ్రాముల లోపు. ఈ బరువైన నాణేలు హారాల్లో కంటే పదకాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

తూకం, సాంద్రత పరీక్షను కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే కంటికి అసలుదిగా కనిపించిన నాణేలు ఇక్కడే ఓడిపోతాయి. ముందు నాణేన్ని పొడిగా తూచి బరువు రాసుకోవాలి. తరువాత గాజు గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తేవాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకు గాని పక్కలకు గాని తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా చేతితో కాక ఏదైనా కర్రకు వేలాడదీసి పట్టాలి. నాణేనికి అంటుకొన్న గాలి బుడగలను సన్నని కుంచెతో తుడిచేయాలి; ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది. అప్పుడు త్రాసు చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 3.49 గ్రాముల నాణెం 0.181 గ్రాముల నీటిని తొలగిస్తే ఫలితం 19.3కు చేరువగా వస్తుంది, అంటే అది దాదాపు మేలిమి. అదే బరువున్న నాణెం 0.196 చూపితే ఫలితం 17.8, అంటే 22 కారెట్ల బంగారం. వెనిస్ బొమ్మ ఉండి ఈ ఫలితం వస్తే అది అనుకరణ. రెండిటి మధ్య తేడా 15 మిల్లీగ్రాములే కాబట్టి, గ్రాములో నూరో వంతు మాత్రమే చూపే మామూలు త్రాసు ఈ పనికి ఎంతమాత్రం చాలదు. కొక్కెం ఉన్న నాణెంలో ఆ కొక్కెం, దాని టంకం తక్కువ వన్నెవి కావచ్చు, అందువల్ల ఫలితం కొంత తగ్గడం సహజం. టంగ్‌స్టన్ సాంద్రత బంగారానికి ఇంచుమించు సమానం కనుక కొత్తగా కొన్న నాణెం విషయంలో ఈ పరీక్షతోనే తృప్తి పడకూడదు. తాతల నాటి హారానికి ఆ భయం లేదు.

గీటురాయి పరీక్షను చివరికి ఉంచుకోవాలి. గీయించవలసి వస్తే కొక్కెం దగ్గరి అంచు మీద, అప్పటికే అరిగిన చోట మాత్రమే గీయించాలి. బొమ్మ మీద, ముద్ర మీద గీటు పడకూడదు.

ఇప్పుడు మలిముద్ర దగ్గరికి రావాలి. దీపాన్ని నెత్తి మీద కాక పక్క నుంచి, నాణేనికి దాదాపు సమాంతరంగా వచ్చేలా పెట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. బంగారం మెత్తని లోహం. తడి మట్టిలో వేలు నొక్కినప్పుడు చుట్టూ గట్టు లేచినట్టుగానే, ముద్ర దిమ్మె దెబ్బకు లోహం పక్కకు జరిగి అంచులు కొద్దిగా ఉబ్బుతాయి, రెండో వైపు సరిగ్గా అదే చోట బొమ్మ నలిగి చదునవుతుంది. ఈ రెండు లక్షణాలూ లేకుండా ముద్ర లోపలికి మాత్రమే ఉంటే, అది దెబ్బతో పడినది కాదు. ఉలితో చెక్కినదో, మొత్తం నాణెమే పోత పోసినదో అయి ఉంటుంది. పోత నాణెం మీద భూతద్దంలో సూది మొనలంత రంధ్రాలు, అక్షరాల మూలలు గుండ్రబడటం కనిపిస్తాయి.

తరువాత అరుగుదలను పోల్చాలి. నాణెం చాలా కాలం చెలామణీ అయ్యాక ముద్ర పడి ఉంటే, బొమ్మ బాగా అరిగి, ముద్ర లోపలి గీతలు అంతకంటే పదునుగా ఉంటాయి. ముద్ర పడిన తరువాత కూడా నాణెం చేతులు మారి ఉంటే, లేదా మెడలో వేలాడి ఉంటే, ముద్ర అంచున లేచిన గట్టు నునుపుబడి ఉంటుంది. నాణెం అంతా అరిగి, ముద్ర ఒక్కటి మాత్రం నిన్న మొన్న వేసినట్టు మెరుస్తూ గట్టు గోరుకు తగులుతూ ఉంటే అనుమానించాలి. అలాగే కొక్కెం టంకం ముద్ర మీదికి పొంగి వచ్చిందో, టంకం మీద ముద్ర పడిందో చూడాలి. టంకం మీద ముద్ర ఉందంటే, నాణెం నగగా మారిన తరువాత ఎవరో దాన్ని కొట్టారన్నమాట. ఏ ప్రభుత్వమూ నగ మీద రాజముద్ర వేయదు. నాలుగు రకాల వాదనలకు ఈ ఒక్క పరిశీలన సమాధానం చెబుతుంది, అయినా అమ్మేవారిలో గాని కొనేవారిలో గాని దీన్ని చూసేవారు చాలా తక్కువ.

రాజముద్రకు, షరాబు గుర్తుకు మధ్య తేడా సాధారణంగా స్పష్టంగానే ఉంటుంది. రాజముద్రకు తనదైన చట్రం ఉంటుంది; గుండ్రనిదో, కోలదో, డాలు ఆకారందో అయిన ఆ చట్రం లోపల బొమ్మ ఉబ్బెత్తుగా లేస్తుంది. ఒక నాణెం మీద అది ఒక్కసారే, చూసేవారికి వెంటనే కనబడే చోట, లోతుగా పడుతుంది. షరాబు గుర్తుకు చట్రం ఉండదు. చిన్న చుక్క, నెలవంక, పువ్వు, రెండు గీతల అడ్డం వంటివి లోతు తక్కువగా, ఒకదాని పక్కన మరొకటిగా, తరచు అంచు వైపున పడి ఉంటాయి. ఒకే నాణెం మీద నాలుగైదు వేర్వేరు గుర్తులు ఉంటే అది అంతమంది షరాబుల చేతుల మీదుగా వెళ్లిందన్నమాట. ఇవి కాక లోపల బంగారమేనా అని చూడటానికి పెట్టిన గాటు వేరే; అది ముద్ర కాదు, పదునైన ఉలి దెబ్బ మాత్రమే.

నాణేన్ని పూర్తిగా కొత్త అచ్చుల మధ్య పెట్టి తిరిగి కొట్టడాన్ని కూడా మలిముద్రగా పొరబడరాదు. పద్నాలుగో లూయీ కాలంలో, 1690 నుంచి, ఫ్రాన్సు లూయీదోర్ అనే తన పాత బంగారు నాణేలను ఇలాగే తిరగకొట్టింది. అక్కడ కొత్త బొమ్మ నాణెమంతా పరుచుకొని ఉంటుంది, పాత అక్షరాలు అక్కడక్కడ నీడగా తొంగిచూస్తాయి.

రాజముద్ర అని తేలినంత మాత్రాన అది ఆ ప్రభుత్వమే వేసిందని అనుకోవడానికి వీల్లేదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు 1797లో నాణేల కొరత తీర్చుకోవడానికి స్పెయిన్ వెండి డాలర్ల మీద మూడో జార్జి తల బొమ్మను చిన్న కోల ముద్రగా వేయించి, ఒక్కొక్కటి 4 షిల్లింగుల 9 పెన్నీలకు చెల్లుతుందని ప్రకటించింది. దొంగ ముద్రలు వెల్లువెత్తడంతో ఆ నాణేలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. 1804లో ఎనిమిది పలకల పెద్ద ముద్రతో మళ్లీ ప్రయత్నించింది. అది వెండి సంగతే అయినా బంగారానికీ వర్తిస్తుంది: ముద్ర వల్ల చెలామణీ విలువ పెరిగే చోట దొంగ ముద్ర ఆనాడే పుడుతుంది, సేకరణదారులు కొనే చోట ఈనాడు పుడుతుంది. అందుచేత రాజముద్ర అనిపించినదాన్ని మ్యూజియం సేకరణల్లోనో, ప్రామాణిక వేలం కేటలాగుల్లోనో ఉన్న ఛాయాచిత్రాలతో గీతకు గీత పోల్చాలి. ఒకే దిమ్మెతో పడిన ముద్రల్లో దిమ్మె పగుళ్లు, విరిగిన మూలలు కూడా ఒకేలా ఉంటాయి.

నా అభిప్రాయంలో, ఈ తాలూకాల హారాల్లో కనిపించే గుర్తుల్లో నూటికి తొంభైకి పైగా షరాబు గుర్తులే అనుకొని పరీక్ష మొదలుపెట్టడం క్షేమం. దానికి నిరాశ పడనక్కరలేదు. వెనిస్‌లో అచ్చై, నూలుబట్టల బేరంలో ఓడల మీద మచిలీపట్నానికో సూరత్‌కో దిగి, బజారులో షరాబు తూచి గుర్తు పెట్టిన నాణెం గురించి ఆ గుర్తు తప్ప వేరే కాగితం ఏదీ మిగలలేదు. కాని షరాబు గుర్తుకు రాజముద్ర ధర చెల్లించడం మాత్రం శుద్ధ దండగ. అమ్మకం దృష్టితో చూసినా, గాట్లూ గుర్తులూ ఎక్కువగా ఉన్న నాణెం సేకరణదారుల దగ్గర సాధారణంగా తక్కువ పలుకుతుంది. నిర్ధారణ అయిన రాజముద్రే ధర పెంచుతుంది. కరిగింపుకు ఇస్తే రెండూ ఒకటే, పైగా తరుగు పోతుంది.

పరీక్ష ఫలితాలను ఒక కాగితం మీద రాసి నాణెంతోపాటే ఉంచాలి: పొడి బరువు, తొలగించిన నీటి బరువు, అడ్డకొలత, అసలు నాణెం గుర్తింపు, ముద్ర ఉన్న చోటు, కొక్కేనికి ముద్రకు ఉన్న వరస, హారం ఎవరి వైపు నుంచి వచ్చింది అన్న వివరం. చోటు చెప్పేటప్పుడు నాణేన్ని గడియారపు ముఖంగా భావించి, బొమ్మ నిటారుగా ఉన్నప్పుడు ముద్ర ఎన్ని గంటల స్థానంలో ఉందో రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. రెండు వైపులా పక్క వెలుతురులో ఫొటోలు తీయాలి. ఫొటోలో కొలబద్ద కనిపించాలి. ప్లాస్టిక్ సంచుల్లో కాక మెత్తని కాగితపు పొట్లంలో, ఇతర నగలతో రాసుకోకుండా భద్రపరచాలి.

చట్టం విషయం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఇల్లు కూలగొట్టేటప్పుడో పొలం దున్నేటప్పుడో నేలలో దాగి ఉన్న నాణేలు బయటపడితే, వాటి విలువ 10 రూపాయలు దాటితే చాలు, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. కుటుంబ హారంలో వచ్చిన నాణేనికి ఇది వర్తించదు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు అవుతుంది. దాన్ని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం, వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. అందువల్ల విదేశంలో ఉన్న పిల్లలకు పంచి ఇవ్వాలనుకొనేవారు హారాన్ని విడగొట్టే ముందు, పాత నాణేలను ఇక్కడ ఉండేవారి వాటాలోకి, కొత్త రేకు కాసులను దూరంగా ఉండేవారి వాటాలోకి వచ్చేలా చూసుకోవాలి.